సిగ్నలు మిద్దె దిగదు

జవళగిరిలో రోమింగ్ బాగా పనిచేసేది ఏనుగులకే. ఏటా రాగి పైరు కంకి పట్టే వేళకు కర్ణాటకలోని బన్నేరుఘట్ట అడవిలోంచి మంద తమిళనాడు వైపు బయల్దేరుతుంది. రాష్ట్రం మారినా రీఛార్జి అడిగేవాడుండడు. తళి, డెంకణికోట చేలదాకా దానికి నెట్‌వర్కు నిండుగా ఉంటుంది. ఫోను మాత్రం అడవి అంచుకు రాగానే కర్ణాటక టవరా, తమిళనాడు టవరా అని తేల్చుకోలేక చేతులెత్తేస్తుంది. తెలుగు, కన్నడం, తమిళం మూడూ నడిచే చోట ఏ భాషలోనూ పలకని ప్రాణి అదొక్కటే.

అడవి పక్క ఇళ్ళలో సిగ్నలు మిద్దె మీదికొస్తుంది, మెట్లు దిగదు. పైన రెండు గీతలు, నట్టింట్లో సున్న. పింఛను పనికి ఓటీపీ కావాలంటే అవ్వ ఫోను పట్టుకుని మనవడు పైకెక్కాలి. "వచ్చెనేమిరా?" అని కిందనుంచి అవ్వ. "ఉండవ్వా!" అని పైనుంచి వాడు. అంకెలు అరిచి చెప్పేలోగా గడువు తీరుతుంది. సిగ్నలు లేదని ఫిర్యాదు చేయడానికి యాప్ ఉంది. అందులోకి వెళ్ళాలన్నా ఓటీపీయే.

బూస్టరు పెట్టి సిగ్నలును గదిలోకి దించుకోవచ్చుగా అంటారు. కుదరదు. సెల్ సిగ్నలును పెంచే పెట్టె ఆపరేటర్లు పెట్టాలేగానీ మనం పెట్టకూడదు. అనుమతి లేని వైర్‌లెస్ యంత్రం ఇంట్లో ఉంచుకోవడమే నేరమని 1933లోనే తెల్లదొరలు చట్టం చేసి పోయారు. (చట్టంలో న్యాయం లేకపోలేదు. చవకరకం బూస్టరు తన కూతలతో టవరుకు చెవుడు తెప్పిస్తుంది, ఊరందరి ఫోన్లూ పోతాయి. పోవడానికి ముందు ఉండాలి కదా అనకండి.)

వైఫై సంగతి వేరు. 2.4 గిగాహెర్ట్జ్‌ను ఆరుబయట లైసెన్సు లేకుండా వాడుకోమని కేంద్రం 2005లో వదిలేసింది. 5 గిగాహెర్ట్జ్‌లో చాలా భాగాన్ని 2018లో వదిలింది. అంటే రోడ్డు పక్కన ఫైబరున్న బావగారి ఇంటినుంచి రెండు డిష్షులతో పొలాల మీదుగా నెట్టు లాక్కోవచ్చన్నమాట. భీమవరం చుట్టుపక్కల పల్లెల్లో బైర్రాజు ఫౌండేషన్ దాదాపు ఇరవై ఏళ్ళ కిందటే దూరపు వైఫైతో ఈ పని చేసింది. 2017 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వమైతే గూగుల్ సోదర సంస్థ ఎక్స్‌తో ఒప్పందం చేసుకుని, రెండు వేల పెట్టెలతో వెలుగు కిరణాల మీదే నెట్టు పంపుతామంది. మనకంత వెలుగు అక్కర్లేదు.

2005 నిబంధనలో చిన్న మెలిక ఉంది. యాంటెన్నా ఎత్తు, అనుమతి ఉన్న కట్టడం పైకప్పు మీద ఐదు మీటర్లు దాటకూడదు. మన దగ్గర అందరికన్నా ఎత్తైనది చింతచెట్టు. దానికి ప్లాను అప్రూవల్ ఎవరిస్తారు? పైగా అడ్డం కూడా అదే. తడిసిన ఆకులు ఈ తరంగాలను తాగేస్తాయి కనుక, ఎండాకాలమంతా పరుగెత్తిన నెట్టు తొలివానకు పడకేస్తుంది.

డిష్షులు రెండూ ఒకదాన్నొకటి సూటిగా చూసుకోవాలి. కాస్త పక్కకు తిరిగినా గీతలు రాలిపోతాయి. ఆ మిద్దె మీద బావ, ఈ మిద్దె మీద బామ్మర్ది. "ఇంకొంచెం ఎడమకు" అని చెప్పడానికి ఫోను కావాలి. ఫోను పలికితే డిష్షెందుకు? చివరికి చీకటి పడ్డాక, ఏనుగులను తరమడానికి కొన్న టార్చిలైట్లు ఇద్దరూ ఊపుకుంటూ గురి కుదుర్చుకుంటారు. అది చూసి పక్కచేను కావలివాళ్ళు ఏనుగులొచ్చాయని టపాకాయలు పేలుస్తారు.

ఎలాగైతేనేం, నట్టింట్లోకి నెట్టు దిగింది. ఓటీపీ దిగలేదు. అది టవరు మీద వచ్చే ఎస్సెమ్మెస్. వైఫై మీదే కాల్స్ అందుకునే ఏర్పాటు ఎయిర్‌టెల్, జియో 2019-20 నుంచి ఇస్తున్నాయి, అదుంటే ఓటీపీ కూడా ఇంట్లోకే వస్తుంది. అవ్వది బటన్ల ఫోను.

సరే, కొత్తది ఆన్‌లైన్లో కొనేద్దామని మనవడు కూర్చున్నాడు. వైఫై బ్రహ్మాండంగా ఉంది. ఫోను ఎంచుకున్నాడు, రంగు కూడా ఎంచుకున్నాడు. డబ్బు కట్టేచోట బ్యాంకు ఓటీపీ అడిగింది. ఖాతా అవ్వది, నంబరూ అవ్వదే.