మెడ మీదే చూపు

మా గుర్రానికి నేను చేసిన అన్యాయం గురించి రాయాలి. తెలియక చేశానని చెప్పుకోవడానికి లేదు. తెలిసినవాళ్ళు చెబుతూనే ఉన్నారు, వినలేదు.

గుర్రం అందమంతా మెడ వంపులోనే ఉందని చిన్నప్పటినుంచీ నా నమ్మకం. బతికున్న గుర్రాన్ని చూసి ఏర్పడిన నమ్మకం కాదది. మాది అన్నవరం. రత్నగిరి కొండ మీద పెళ్ళి ముహూర్తాల రోజుల్లో ఊరేగింపులకి తెచ్చే గుర్రాలు తప్ప నాకు అసలు గుర్రాలు తెలీవు. నా కళ్ళలో నిలిచింది గుళ్ళలో స్వామిని ఊరేగించే అశ్వవాహనం. ముందుకాళ్ళు పైకెత్తి, గడ్డం గుండెకి ఆనించి, మెడని విల్లులా వంచిన కొయ్య గుర్రం. పెద్దయ్యాక కూడా నా చూపు ఆ వంపు మీదే. 2023 సెప్టెంబర్ 26న హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో సుదీప్తి హజేలా, దివ్యకృతి సింగ్, హృదయ్ ఛేడా, అనూష్ అగర్వాలా డ్రెస్సేజ్‌లో, అంటే గుర్రాన్ని లయగా, పద్ధతిగా నడిపించే పోటీలో, జట్టు స్వర్ణం గెలిచారు. 1982 ఢిల్లీ క్రీడల తర్వాత, 41 ఏళ్ళకి, గుర్రపుస్వారీలో మన దేశానికి దక్కిన స్వర్ణం. ఆ పోటీ వీడియోలు ఎన్నిసార్లు చూశానో! అన్నిసార్లూ నేను చూసింది మెడే. ఆ గుర్రాల వెనక కాళ్ళు ఏం చేస్తున్నాయో ఒక్కసారీ చూడలేదు.

హైదరాబాద్‌లో ఉద్యోగం చేసిన రోజుల్లో స్వారీ కొంత నేర్చుకున్నాను. ఊరికి తిరిగొచ్చి జీడిమామిడి తోట చూసుకుంటూ, పందేలనుంచి విరమించిన ఒక ఆడగుర్రాన్ని కొన్నాను. ఆ తర్వాతే బెంగళూరులో డ్రెస్సేజ్ శిక్షణ శిబిరానికి వెళ్ళాను.

అలాంటి శిబిరంలో ఒక నిపుణుడు కొద్దిరోజులు ఉంటాడు. ఒక్కొక్కరికీ ముప్పావుగంట చెప్పి, ఇంటికెళ్ళి చెయ్యాల్సిన పని అప్పజెప్పి వెళ్ళిపోతాడు. 20 మీటర్ల వెడల్పు, 60 మీటర్ల పొడవున్న ఇసుక బరి, దాని చుట్టూ అక్షరాల పలకలు. మొదటిరోజే మా గురువుగారు నా రికాబులు తీయించి, పగ్గాలు చేతిలోంచి తీసేసుకుని, గుర్రాన్ని పొడవాటి తాడుతో తన చుట్టూ తిప్పారు. వియన్నాలోని స్పానిష్ రైడింగ్ స్కూల్లో కొత్తవాళ్ళు ఈనాటికీ ఇలాగే నెలల తరబడి నేర్చుకుంటారు. కూర్చోవడం కుదిరేదాకా చేతికి పగ్గం ఇవ్వరు. నాకు మాత్రం అది చిన్నతనంగా తోచింది. డబ్బు కట్టి వచ్చినవాణ్ణి, నాకివన్నీ తెలుసు కదా అనుకున్నాను.

చివరిరోజు పగ్గాలు ఇచ్చారు. అది శిబిరంవాళ్ళ గుర్రం, ఏళ్ళ తరబడి శిక్షణ పొందిన ముసలిది. నాలుగు చుట్లు తిరిగేసరికి దానంతట అదే మెడ ఎత్తి గుండ్రంగా వంచింది. నా ఒళ్ళు పులకరించింది. ఆ వంపు నా చేతులు తెచ్చిందే అనుకున్నాను. నా తెలివితక్కువతనమంతా ఆ ఒక్క అనుకోవడంలోనే ఉంది.

ఇంటికొచ్చాక మా గుర్రం నా మాట వినలేదు. వినడానికి దానికి నేర్పిందెవరు? పందెపు గుర్రం కళ్ళెం మీద బరువేసి ముందుకు దూకడమే నేర్చుకుంది. నేను లాగితే తల ఇంకా పైకెత్తేది. అప్పుడు డ్రా రెయిన్స్ తెప్పించాను. గుర్రం పొట్ట కింది పట్టీ దగ్గర మొదలై, కళ్ళెం రింగుల్లోంచి దూరి చేతిలోకొచ్చే పగ్గాలవి. కప్పీలో తాడులా పనిచేసి, మనం లాగే బలాన్ని దాదాపు రెట్టింపు చేస్తాయి. వాటి జోలికి పోవద్దని గురువుగారు పేరుపెట్టి మరీ చెప్పారు. చెప్పింది నా పుస్తకంలో రాసుకున్నాను కూడా.

గుర్రం దవడలో ముందుపళ్ళకీ దవడపళ్ళకీ మధ్య పళ్ళు లేని చోటుంటుంది. కళ్ళెం ఇనుము ఆనేది అక్కడే. ఎముక మీద పల్చటి పొర తప్ప కండ ఉండదు. నేను లాగిందంతా ఆ పొరనే.

వారం తిరక్కుండానే మెడ వంగింది. నాకు పట్టరాని సంతోషం. ఫొటోలు తీయించుకున్నాను. గుర్రాన్ని కనిపెట్టుకుని ఉండే తాత ఒకప్పుడు తునిలో జట్కా తోలినవాడు. ఆయనే అన్నాడు:

"బాబుగారండీ, కళ్ళెం చూత్తేనే యెనక్కి తగ్గిపోతందండి. నోట్లో ఏదో అయ్యుంటది. ఓపాలి చూడండి."

"ఇది జట్కా కాదులే తాతా," అన్నాను.

ఆయన మళ్ళీ మాట్లాడలేదు. ఆ మాట తలుచుకున్నప్పుడల్లా ఇప్పటికీ సిగ్గేస్తుంది. పెద్దాయన చెప్పింది ఆయన అభిప్రాయం కాదు, రోజూ కళ్ళారా చూస్తున్నది. నోరు తెరిచి చూడటానికి రెండు నిమిషాలు పట్టేది.

తర్వాత గుర్రం అడుగులు కురచబడ్డాయి. ట్రాట్ అనే చిన్న పరుగులో వీపు బిగుసుకుపోయేది. చివరికి ఒకరోజు బరి మధ్యలో ఆగిపోయింది. పశువైద్యుడు వచ్చి నోటి లోపలి పుండు చూపించాడు.

రెండో శిబిరంలో మా గుర్రం మీద నా స్వారీ వీడియో చూపించి, ఉన్నదున్నట్టు చెప్పాను. గురువుగారు కోప్పడలేదు. వీడియో ఆపి గుర్రం నడుం వెనక భాగం మీద వేలు పెట్టారు. గుర్రం బరువులో ఎక్కువ పాలు, దాదాపు అరవై శాతం, ముందుకాళ్ళ మీదే ఉంటుంది. మనం ఎక్కితే ఆ భారం ఇంకా పెరుగుతుంది. డ్రెస్సేజ్ సాధన అంతా ఆ బరువుని మెల్లగా వెనక్కి మళ్ళించడానికే. వెనక కాళ్ళు పొట్ట కిందకి వచ్చి అడుగేస్తే, తుంటి కీళ్ళు ముడుచుకుని పిరుదులు దిగుతాయి, వీపు లేస్తుంది, భుజాలు తేలికవుతాయి. ఆ తర్వాతే మెడ లేచి వంపు తిరుగుతుంది. అన్నిటికన్నా ఆఖరున రావాల్సినదాన్ని నేను ముందు పట్టి లాగాను. లాగితే వంగింది మెడ ఒక్కటే, వెనక ఏదీ మారలేదు.

ఇదేం కొత్త సంగతి కాదు. రెండువేల మూడువందల ఏళ్ళ కిందటే గ్రీకు సేనాని జెనఫన్ రాశాడు, ఆడగుర్రాల ముందు ఠీవి చూపించేటప్పుడు మగగుర్రం తనంతట తానే మెడ వంచుతుందని, స్వారీలో రాబట్టాల్సింది ఆ ఇష్టాన్నేనని. 1733లో ఫ్రెంచి గురువు లా గెరినియేర్ గుర్రం భుజాల్ని బరి లోపలికి మళ్ళించి పక్కవాటుగా నడిపించే అభ్యాసాన్ని వివరించాడు, వెనక కాలు పొట్ట కిందకి రావడానికే. బలవంతంగా మెడ ముడిచే పద్ధతిని అంతర్జాతీయ గుర్రపుస్వారీ సమాఖ్య 2010లో తప్పుపట్టింది. తలలో చెవుల వెనక భాగమే అన్నిటికన్నా ఎత్తున ఉండాలని, ముక్కు నిట్టనిలువు గీతకి కాస్త ముందుండాలని వాళ్ళ నిబంధనే ఉంది. ఫొటోల్లో మా గుర్రం ముక్కు ఛాతీని తాకుతోంది. ఆ ఫొటోల్ని నేను అందరికీ పంపాను.

పుండు మానేదాకా కళ్ళెం పెట్టలేదు. తాత గుర్రం తలకి తాడు కట్టి పంపా నది గట్టు మీద నడిపించేవాడు, నేను పక్కన నడిచేవాణ్ణి. ఆయనకి క్షమాపణ చెప్పాను. "పోనీలెండి బాబూ, నోరు మానింది కదా," అన్నాడు. నన్ను నేను అంత తేలిగ్గా వదల్లేకపోతున్నాను. నొప్పెడుతోందని చెప్పడానికి మాట లేని ప్రాణి అది.

ఇప్పుడు మళ్ళీ మొదటి పాఠం దగ్గరే ఉన్నాం. పగ్గాలు వదులుగా, పెద్ద వలయంలో నడక, ఆగడం, మళ్ళీ నడక. మెడ ఊసెత్తడం లేదు. కుడివైపు తిరిగేటప్పుడు ఎడమ వెనక కాలు పక్కకి జారిపోతోంది. వచ్చే శిబిరంలో గురువుగారిని అడగాల్సింది దాని గురించే.