ఆసన మీమాంసకుడు

కూర్చుని చేసే ఉద్యోగంలో నడుము నొప్పి సంపాదించుకుని, ఆ నొప్పికి మూలం తన అలవాట్లలో కాక కుర్చీలోనే ఉందని తీర్మానించి, తగిన కుర్చీని నిర్ణయించే పనిలో మునుపటికన్నా ఎక్కువ గంటలు కూర్చునే వ్యక్తిని ఆసన మీమాంసకుడు అనవచ్చు. ఈ జాతి పూర్వం లేదని కాదు గాని, ఆఫీసు ఇచ్చిన కుర్చీలో కూర్చుని ఆఫీసునే తిట్టుకునే సదుపాయం ఉన్నంతకాలం దీనికి స్వతంత్ర ప్రతిపత్తి లేకపోయింది. 2020లో కరోనా వచ్చి హైదరాబాదు సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు కొండాపూర్, మియాపూర్ ఫ్లాట్లలోని భోజనాల బల్లల మీదికి చేరినప్పుడు, తిట్టడానికి కంపెనీ కుర్చీ ఎదుట లేక, అత్తవారు పెట్టిన డైనింగ్ సెట్టును తిట్టే ధైర్యమూ చాలక, ఉద్యోగి శాస్త్రాన్ని ఆశ్రయించాడు, మీమాంసకుడు అవతరించాడు.

ఇతణ్ణి గుర్తుపట్టడం కష్టం కాదు. గృహప్రవేశానికి వెళ్లిన నలుగురూ గచ్చునూ గాలినీ వాస్తునూ మెచ్చుకుంటుంటే, ఇతడు వంగి కుర్చీ అడుగు చూస్తుంటాడు. జేబులో కొలత టేపు ఉంటుంది. మోకాలి వెనుక మడత నుంచి అరికాలి వరకు కొలిస్తే వచ్చేది పీట ఎత్తు. పిరుదుల వెనుక నుంచి అదే మడత వరకు కొలిచి, రెండు మూడు వేళ్ల వెడల్పు తగ్గిస్తే వచ్చేది పీట లోతు, అంటే తొడలకు ఆసరా దొరుకుతూనే కుర్చీ అంచు మోకాళ్ల వెనుక ఒత్తకుండా ఉండే కొలత. మామూలు రాతబల్ల సుమారు 75 సెంటీమీటర్ల ఎత్తుంటుంది గనుక, అయిదున్నర అడుగుల మనిషి మోచేతులు దానికి అందేలా కుర్చీ లేపితే పాదాలు గాలిలో వేలాడతాయనీ, పాదాలు నేలకు ఆనేలా దించితే భుజాలు చెవులదాకా లేస్తాయనీ ఇతడు కనిపెట్టాడు. ఆ మాట నిజమే కూడా. ఈ నిజాల కోసం ఇతడు కంప్యూటరులో ఒక పట్టిక గీసి, నిలువు వరుసల్లో లక్షణాలూ అడ్డు వరుసల్లో కుర్చీలూ నింపుతాడు. “మన సంబంధం అరగంటలో ఖాయం చేసుకున్నారు, ఈ కుర్చీల జాతకాలు ఇంకా ఎన్నాళ్లు చూస్తారండీ?” అని ఇల్లాలు అడిగితే, అందులోని ఎత్తిపొడుపు తలకెక్కక, జాతకం అన్న మాట మాత్రం నచ్చి, పట్టికకు ఆ పేరే పెట్టుకుంటాడు.

మీమాంసకుని ఆధారశాస్త్రం ఎర్గోనామిక్స్, అనగా పనిముట్టుకు మనిషిని కాక మనిషికి పనిముట్టును అనువుగా మలచే విద్య. గ్రీకులో పని అనే అర్థమున్న మాటనూ నియమం అనే అర్థమున్న మాటనూ కలిపి పోలండు ప్రకృతిశాస్త్రజ్ఞుడు వోయ్‌చెఖ్ యస్త్‌షెంబోవ్‌స్కి 1857లో ఈ పేరు కల్పించాడు. ఈ సంగతి చదివేటప్పుడు మీమాంసకుని మెడ ఫోను మీదికి కొడవలిలా వంగి ఉంటుంది. లంబార్ సపోర్టు అంటే నడుము దిగువన వెన్ను సహజంగా లోపలికి వంగే చోట కుర్చీ ఇచ్చే ఆనుడు. సింక్రో టిల్ట్ అంటే వీపుబల్ల రెండు పాళ్లు వెనక్కి వాలితే పీట ఒక పాలు వాలే ఏర్పాటు. ఈ రెండింటినీ ఇతడు పెళ్లి పందిట్లో ప్లాస్టిక్ కుర్చీ మీద కూర్చున్న పెదనాన్నగారికి సోదాహరణంగా వివరించగలడు. బిఫ్మా అనే అమెరికా ఫర్నిచర్ సంఘం ప్రమాణాలు కుర్చీ విరగకుండా ఎంతకాలం ఓర్చుకుంటుందో చెప్పేవే గాని, అందులో కూర్చున్నవాడు ఎంతకాలం ఓర్చుకుంటాడో చెప్పేవి కావు. అయినా ఆ ముద్ర లేని కుర్చీని ఇతడు కంటితో కూడా చూడడు. బిల్ స్టంఫ్, డాన్ చాడ్విక్ రూపొందించగా హెర్మన్ మిల్లర్ సంస్థ 1994లో విడుదల చేసిన ఏరాన్ కుర్చీ ఇతని ఇష్టదైవం. మెత్తకు బదులు వలగుడ్డతో, చెప్పుల జోళ్లలాగా మూడు సైజుల్లో వచ్చే ఆ కుర్చీ మన దేశంలో లక్ష రూపాయలు దాటుతుంది గనుక, దైవాన్ని దర్శించుకోవడమే తప్ప ఇంటికి తెచ్చుకోవడం కుదరదు.

కుర్చీ మీమాంస ముదిరితే నిలువుబల్ల దశ వస్తుంది. నిలువుబల్ల అంటే మీట నొక్కగానే మోటారు సాయంతో లేచి, మనిషి నిలబడి పని చేసుకోవడానికి వీలిచ్చే స్టాండింగ్ డెస్కు. దీనికి ప్రమాణపురుషుడిగా నిలబడి టైపు చేసిన హెమింగ్వేను ఉదాహరించే మీమాంసకునికి, చాప మీద బాసిపట్టు వేసుకుని ఏటవాలు పెట్టె ముందు శిస్తు లెక్కలు రాసిన కరణం తాతగారు గుర్తుకు రారు. ఆయన పెట్టెకు మోటారు లేదు. రైతు పిలిస్తే, మునసబు కబురంపితే, మంచినీళ్లు కావాలంటే ఆయనే లేచేవాడు. నిలబడితే ఒళ్లు తగ్గుతుందన్న ఆశ కూడా మీమాంసకునికి ఉంటుంది గాని, కూర్చోవడంకన్నా నిలబడడానికి గంటకు అదనంగా ఖర్చయ్యేది సుమారు పది కేలరీలు మాత్రమే గనుక, ఒక్క ఇడ్లీ రుణం తీరాలంటే నాలుగైదు గంటలు నిలబడాలి. అంతసేపు కదలక నిలబడితే కాళ్లు లాగుతాయి, నడుమూ మళ్లీ మూలుగుతుంది.

ఈ మీమాంసలో విచిత్రమైన ఘట్టం వెతుకులాట కాలం. సాయంత్రం అయిదు కొట్టేసరికి ఇతడు లాప్‌టాప్ మూసి, షోరూములన్నీ తిరిగి, మూతపడిన ఆఫీసుల సామాను అమ్మే దుకాణాల మెట్లు ఎక్కి దిగి, ప్రతి కుర్చీలో కూర్చుని, లేచి, చుట్టూ నడిచి, వంగి చూసి, మళ్లీ కూర్చుంటాడు. రెండు నెలల్లో నొప్పి సగం తగ్గుతుంది. సరైన సిద్ధాంతానికి చేరువవుతున్నందువల్లే తగ్గిందని ఇతడు పట్టికలో రాసుకుంటాడు. ఇల్లాలు మరేదో గమనించి ఊరుకుంటుంది.

చివరకు కుర్చీ, బల్ల రెండూ ఇంటికి వస్తాయి. కార్నెల్ విశ్వవిద్యాలయపు ఆచార్యుడు అలన్ హెడ్జ్ ప్రతి అరగంటలో 20 నిమిషాలు కూర్చుని, 8 నిమిషాలు నిలబడి, 2 నిమిషాలు కదలాలని సూచించాడు గనుక, మీమాంసకుడు ఫోనులో గంట పెట్టుకుంటాడు. మొదటి వారం గంట మోగితే లేస్తాడు. రెండో వారం మోగితే ఆపుతాడు. మూడో వారానికి ఆపడం కోసం కూడా కదలనక్కర లేకుండా ఫోనును చేతికందే చోట పెట్టుకుంటాడు. బల్ల ఒకే ఎత్తులో స్థిరపడుతుంది. ఆదివారం ఇస్త్రీకి మాత్రం లేస్తుంది. ఇంత ఖరీదు పెట్టి కొన్న కుర్చీని ఖాళీగా ఉంచడం నష్టమనిపించి, మీమాంసకుడు భోజనం పళ్లెం కూడా అక్కడికే తెప్పించుకుంటాడు.

మూడో నెలలో నొప్పి యథాస్థానానికి వస్తుంది. కుర్చీ నిర్దోషి అని పట్టిక సాక్ష్యం చెబుతున్నందున, దోషం రోజుకు ఏడు గంటలు ఒళ్లు మోసే పరుపుదే కావాలని ఇతడు తర్కిస్తాడు. ఆ రాత్రి కొలత టేపు మళ్లీ బయటికి వస్తుంది. ఇల్లాలు ఈసారి విసుక్కోకుండా టేపు రెండో కొస పట్టుకుని, “తొందరేం లేదండీ, అన్ని కొట్లూ నిదానంగా తిరిగి చూడండి” అంటుంది.