ముందు శాలువా, తర్వాతే తెర

ఆ సాయంత్రం ఆడబోయే నాటకమేమిటో ఆహ్వానపత్రిక చేతికందగానే తెలిసిపోతుంది. ముఖ్య అతిథి, గౌరవ అతిథి, విశిష్ట అతిథి, ఆత్మీయ అతిథి, సభాధ్యక్షులు, జ్యోతి ప్రజ్వలన చేయువారు, ఆ జ్యోతి పక్కన నిలబడువారు. పేరుకో ఫోటో, ఫోటోకో హోదా. కార్డు తిప్పి చూస్తే అడుగున, ప్రింటింగ్ ప్రెస్ పేరుకి కాస్త పైన, 'అనంతరం నాటక ప్రదర్శన' అని ఉంటుంది. నాటకం పేరు ఒక్కోసారి వేస్తారు. రాసినవాడి పేరు కూడా కనిపించిందంటే కార్డు పని చూసుకున్నవాడు ఉత్సవాలకి కొత్త అని లెక్క.

నగరాల్లో జరిగే నాటకోత్సవాలకి పత్రికల్లో సమీక్షలు రావడం లేదని అభిమానులు వాపోతుంటారు. సబబే. కాకపోతే సమీక్షించాల్సింది రాత్రి పదింటికి బిక్కుబిక్కుమంటూ మొదలయ్యే ఆ చివరి అంశాన్ని కాదు, ఆరు నుంచి తొమ్మిదిన్నర దాకా నడిచే అసలు ప్రదర్శనని. వేషాలు, ప్రవేశాలు, నిష్క్రమణలు, కరుణం, హాస్యం, చివర్లో కొంత బీభత్సం. దానికేం తక్కువ? ఒక్క రిహార్సల్ వేయకుండా, ఒక్క డైలాగు మరిచిపోకుండా ఏళ్ల తరబడి ఆడుతున్న సమాజం అది.

మొదటి అంకం నిరీక్షణ. ఆరు గంటల కార్యక్రమానికి నాయకుడు ఏడున్నరకి ఇంట్లో బయల్దేరతాడు. ఆయన వచ్చేదాకా 'మరికొద్ది సేపట్లో' అన్న మాటని వ్యాఖ్యాత అన్ని రాగాల్లోనూ ఆలపిస్తాడు. రెండో అంకం దీపం. ఏసీ గాలికి నిలవనని మొరాయించే వత్తులు, ఒకటే కొవ్వొత్తి, దాని మీద పదిమంది చేతులు. ఎవరి చెయ్యి తగలకుండా పోయిందో వారు వచ్చే ఏడు చందా ఇవ్వరు కనుక కార్యదర్శి కళ్ళన్నీ మంట మీద కాదు, వేళ్ళ మీద ఉంటాయి. ఆ తర్వాత ఉపన్యాసం. 'సమయాభావం వల్ల రెండే రెండు ముక్కలు' అని మొదలుపెట్టిన పెద్దమనిషి, బళ్ళో చదివే రోజుల్లో తాను వేసిన కృష్ణుడి వేషం గురించి ఇరవై నిమిషాలు చెప్పాక మొదటి ముక్కకి వస్తాడు. నాటకం చచ్చిపోతోందని గ్రీన్‌రూమ్‌లో ఉన్న నాటకానికి వినపడేలా ప్రకటిస్తాడు. దాన్ని బతికించుకోవడం మనందరి బాధ్యత అంటాడు. 'మరో కార్యక్రమం ఉంది' అని తెర లేవకముందే లేస్తాడు. ఆయనతోపాటు ఆయన కోసం వచ్చిన సగం హాలూ లేస్తుంది.

లోపల హరిశ్చంద్రుడు నాలుగింటికే రంగు పూసుకున్నాడు. గమ్ముతో అంటించిన మీసం చెమటకి ఒక పక్క జారుతోంది. కాటికాపరి వేషానికి కావలసిన అనుభవమంతా పాపం ఆ గదిలోనే వచ్చేస్తుంది. తీరా ఆయన వంతు వచ్చేసరికి నిర్వాహకుడు తల లోపలికి పెట్టి, 'మాస్టారూ, హాలువాళ్ళు పదకొండింటికి కరెంటు తీసేస్తారట, కొంచెం తగ్గించండి' అంటాడు. వక్తలకి తగ్గించమని చెప్పే ధైర్యం ఎవరికీ లేదు గనుక సత్యహరిశ్చంద్రుడి సత్యంలోనే కోత పడుతుంది.

ఒకప్పుడు కాంట్రాక్టు నాటకాలు ఆడిన రోజుల్లో ప్రేక్షకుడు టికెట్ కొన్నాడు. కొన్నాడు కాబట్టి పెత్తనం చేశాడు. తిరుపతి వేంకట కవుల పాండవోద్యోగ విజయాలకి ఒకే రాత్రి ఇద్దరు ముగ్గురు కృష్ణుల్ని దింపితే, ఎవరి రాయబారం ఎలా ఉందో తెల్లారి టీకొట్టు దగ్గర తీర్పు చెప్పాడు. పద్యం నచ్చితే 'వన్స్ మోర్' అని అరిచాడు, నచ్చకపోతే ఈలలేశాడు. చచ్చిపడిన పాత్ర లేచి కూచుని, పద్యం మళ్ళీ పాడి, మళ్ళీ చచ్చిన ముచ్చట్లు పెద్దవాళ్ళు ఇప్పటికీ చెబుతారు. మొరటుతనమే, కాదనను. కానీ డబ్బిచ్చి కొనుక్కున్న మొరటుతనం. ఇప్పుడా వన్స్ మోర్ పూర్తిగా పోలేదు, చోటు మార్చుకుంది. 'సార్, శాలువా ఇంకోసారి కప్పండి, ఫ్లాష్ పడలేదు' అని ఫోటోగ్రాఫర్ అరుస్తాడు. కప్పినాయన మళ్ళీ కప్పుతాడు, కప్పించుకున్నాయన మళ్ళీ సిగ్గుపడతాడు. పద్యానికి లేని ఆ గౌరవం శాలువాకి దక్కింది.

ఈ జబ్బు భరతుడికి ముందే తెలుసు. నాటకానికి ముందు జరిగే పూర్వరంగం తంతు గురించి నాట్యశాస్త్రం ఐదో అధ్యాయంలో బోలెడంత చెప్పి, దాన్ని మరీ సాగదీయొద్దన్నాడు. సాగదీస్తే ఆడేవాళ్ళూ చూసేవాళ్ళూ అలిసిపోతారని హెచ్చరించాడు. ఆయన భయపడింది పాటా వాద్యం నృత్తం ఎక్కువవుతాయని. జ్ఞాపికల ప్రదానం ఆయన ఊహకి అందలేదు, ఎంతైనా ముని. ఆ గ్రంథమే చెప్పే ఇంకో కథ ఉంది. లోకంలో మొట్టమొదటి నాటకం ఆడిందీ ఉత్సవంలోనే, ఇంద్రుడి ధ్వజోత్సవంలో. అందులో తమ ఓటమిని చూపిస్తున్నారని అసురులకి మండి, నటుల మాటా కదలికా జ్ఞాపకశక్తీ స్తంభించిపోయేలా చేశారు. ఇంద్రుడు జెండా కర్ర ఊడబీకి వాళ్ళని చితకబాదాడు. ఆ కర్రకి జర్జరం అని పేరు పెట్టి, పూజ చేసి మరీ రంగస్థలం మీద నిలిపేవారు.

అసురులకి కనీసం ఒక ఫిర్యాదుంది. మూడో వరసలో కూచుని ఫోను చెవికి ఆనించుకుని, 'నువ్వు తినేసి పడుకో, నేను నాటకంలో ఉన్నా' అని హాలంతా వినపడేలా చెప్పే మనిషికి ఏముంది? ఆయన పక్కనాయన నాటకాన్ని ఫోనులోనే చూస్తాడు, ఎదురుగా ఉన్న మనుషుల్ని వదిలేసి అరచేతిలో వెలిగే బొమ్మల్ని. ముంబైలో పృథ్వీ థియేటర్ వాళ్ళు తెర వేళ దాటాక వచ్చినవాళ్ళని లోపలికి రానివ్వరు. మనం వేళ దాటాక వచ్చినవాళ్ళని వేదిక మీదికి పిలుస్తాం. మూడో రంగంలో తల్లి శవం మీద కొడుకు పడి ఏడుస్తుండగా లైట్లు వెలిగించి, 'మన మధ్యకి విచ్చేసిన' అని స్వాగతం పలికిన సభలున్నాయి. తల్లి కూడా లేచి నమస్కారం పెట్టాల్సొచ్చింది.

ఆ తల్లి పాత్ర వేసినామె గురించి ఒక మాట. ఉత్సవంలో నాలుగు సమాజాలుంటే నాలుగింటిలోనూ ఆమే ఉండొచ్చు. సాయంత్రం తల్లి, రాత్రికి అదే ఇంటి కోడలు. బస్సు దిగి నేరుగా మేకప్ వేసుకుని, అందరి డైలాగులూ కంఠస్థం చేసి, మగవాళ్ళు మరిచిపోతే అందించి, మళ్ళీ బస్సెక్కుతుంది. మొత్తం ఉత్సవంలో పని తెలిసి పని చేస్తున్న మనిషి ఆమె ఒక్కతే. ఆమెకి శాలువా కప్పరు. నడిరాత్రి దాకా ఆగే అతిథి ఉండడు మరి.

ఇక నాటకం. పోటీ నాటకానికి గొప్ప చరిత్రే ఉంది. 1929లో తెనాలిలో ఆంధ్ర నాటక కళాపరిషత్తు పుట్టాక ఊరూరా పరిషత్తులు వెలిశాయి, ఎందరో వాటిలోంచే ఎదిగారు. అయితే చీకట్లో చిన్న దీపం పెట్టుకుని మార్కులేసే ముగ్గురి కోసమే రాసీ రాసీ, నాటకానికి ఒక ఖరారైన కథ తయారైంది. ముసలి తండ్రి. అమ్మిన పొలం. అమెరికాలో కొడుకు. వృద్ధాశ్రమం. చివర్లో దగ్గు. ముందు వరసల్లో అందరూ కళ్ళు తుడుచుకుంటారు, వాళ్ళ పిల్లలూ అక్కడే ఉన్నారు కనుక. ఆ కొడుకుని నాటకం గంటసేపు చెడతిట్టాక, ఉత్సవానికి డబ్బు పంపిన ప్రవాస దాత వేదికెక్కి ఉత్తమ ప్రదర్శనకి తన తండ్రిగారి పేరిట నగదు బహుమతి ఇస్తాడు. ఇచ్చినవాడూ నవ్వడు, పుచ్చుకున్నవాడూ నవ్వడు. ఇంతకన్నా మంచి సన్నివేశం ఏ రచయితా రాయలేదు.

ప్రభుత్వాన్ని అనకుండా వదిలేస్తే అది నొచ్చుకుంటుంది. ఆంధ్రప్రదేశ్‌లో నంది నాటకోత్సవాలు చూసుకునే సంస్థ పేరు చలనచిత్ర, టీవీ, నాటకరంగ అభివృద్ధి సంస్థ. వరస గమనించండి. 1880లో రాజమండ్రిలో కందుకూరి వీరేశలింగం తెలుగు నాటకానికి తొలిసారి తెర లేపినప్పుడు సినిమా పుట్టనే లేదు. ముందు పుట్టినవాడు పెద్దవాడవుతాడన్న లెక్క బంధుత్వాల్లో ఉంటుంది గానీ బోర్డుల మీద ఉండదు. అయినా ఏటా ఏప్రిల్ 16న, కందుకూరి పుట్టినరోజున, తెలుగు నాటకరంగ దినోత్సవం చేస్తాం. ఆ రోజు ఏం చేస్తామో చెప్పాలా? సభ.

అన్నిటికీ మూలం కార్డు మీద అందరం మురిసిపోయే ఆ రెండు మాటలు: ప్రవేశం ఉచితం. డబ్బు పెట్టనివాడు ప్రేక్షకుడు కాడు, ఖాళీ కుర్చీ కనపడకుండా కప్పే గుడ్డ. డబ్బిచ్చింది దాత, వేదిక ఆయనది. హాలు ఇప్పించింది నాయకుడు, సమయం ఆయనది. మనం ఏ మొహంతో 'ఏమయ్యా, తెర ఎప్పుడు లేపుతావ్' అని అడుగుతాం? 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో కీచకవధతో మొదలైన సురభివాళ్ళు తరతరాలుగా బతికింది టికెట్ మీద. కుటుంబం కుటుంబమంతా పందిరి కింద కాపురం పెట్టి, మాయాబజార్‌లో మనుషుల్ని తీగల మీద గాల్లోకి ఎగరేసి జనాన్ని లాగారు. ఘటోత్కచుడు ఆలస్యంగా ఎగిరితే ఆ పూట పొయ్యి వెలగదు. ఆ భయం మన ఉత్సవాల్లో ఎవరికీ లేదు. మల్టీప్లెక్సులో పాప్‌కార్న్ డబ్బాకి అడిగినంతా ఇచ్చి చిల్లర కూడా లెక్కపెట్టుకోని మనమే, నాటకానికి వంద రూపాయల టికెట్ అంటే 'కళని అమ్ముకుంటారా' అని ఆవేశపడతాం.

ఒక నిర్వాహకుడితో ఈమధ్య అన్నాను. టికెట్ మాట తర్వాత, కనీసం వరస మార్చండి, ఆరింటికి నాటకం వేసి ఎనిమిదింటికి సభ పెట్టుకోండి, సన్మానాలు తెల్లవార్లూ చేసుకున్నా ఎవరూ కాదనరు అని. ఆయన మంచివాడు, ఇంట్లో పుస్తెలు తాకట్టు పెట్టి నాటకాలాడిన తరం. నా వంక జాలిగా చూశాడు.

'భలేవారండీ. నాటకం అయిపోయాక సభకి ఎవడుంటాడు?'