అట్లాంటిక్ అడుగున చెవి

మసాచుసెట్స్ తీరాన, మార్తాస్ వినియార్డ్ దీవి దగ్గరి సముద్రంలో ఉంటాను. పైకి తేలే బోయానే మీకు కనిపిస్తుంది. నా ప్రాణమంతా అడుగునున్న హైడ్రోఫోన్‌లోనే. విన్నదాన్ని రెండు గంటలకోసారి ఉపగ్రహం ద్వారా ఒడ్డుకు పంపుతాను. అది తిమింగలం గొంతేనా అని అక్కడి నిపుణులు తేలుస్తారు.

నేను ముఖ్యంగా చెవి ఒగ్గేది రైట్ వేల్ అనే తిమింగలం పిలుపు కోసం. ఒకటి రెండు సెకన్లపాటు, మంద్రంగా మొదలై పైకి లేచే ‘ఊఁ’. ఒకదాన్నొకటి పలకరించుకునే తీరు అది. ఈ జాతిలో ఉత్తర అట్లాంటిక్ మొత్తానికి 400 కూడా మిగల్లేదు. అందుకే ఆ పిలుపు అందిన ప్రతిసారీ నాకు పండగే.

2023 జూన్‌లో వినియార్డ్ విండ్ కంపెనీ వారు సముద్రంలో 62 గాలిమరల కోసం ఉక్కు స్తంభాలను సమ్మెటతో దిగగొట్టడం మొదలుపెట్టారు. నీటిలో శబ్దం సెకనుకు సుమారు 1,500 మీటర్లు పరుగెడుతుంది. ఆ సమ్మెట మోత దగ్గరున్న తిమింగలం వినికిడినే దెబ్బతీయగలదు, దూరాన ఉన్నదాన్ని మేత నుంచి తరిమేయగలదు. అందుకే స్తంభం చుట్టూ సముద్రం అడుగున చిల్లుల గొట్టాలు పరిచి గాలి వదిలారు. పైకి లేచే బుడగల తెర మోతను తగ్గిస్తుంది. జనవరి నుంచి ఏప్రిల్ దాకా సమ్మెట ఎత్తకూడదని 2019లోనే పర్యావరణ సంఘాలతో ఒప్పందం కుదిరింది. నన్నడిగితే బుడగలకన్నా ఈ నాలుగు నెలల విరామమే మేలు.

ఆ జూన్‌కు ముందటి చలికాలంలో న్యూజెర్సీ, న్యూయార్క్ ఒడ్లకు హంప్‌బ్యాక్ తిమింగలాల కళేబరాలు కొట్టుకొస్తే, గాలిమరలే చంపాయన్నారు చాలామంది. అక్కడ అప్పటికి సర్వేలే తప్ప స్తంభాలు దిగలేదు. అమెరికా అట్లాంటిక్ తీరమంతటా హంప్‌బ్యాక్‌ల చావులు 2016 నుంచే పెరిగాయి. పరీక్షించిన వాటిలో దాదాపు 40 శాతం ఓడ గుద్దినవో, చేపల వేట తాళ్లు చుట్టుకున్నవో.

2024 జనవరిలో మా దీవి ఒడ్డుకే ఒక రైట్ వేల్ కొట్టుకొచ్చింది. మూడేళ్ల ఆడది. వేట తాడు తోక మొదట్లో మాంసంలోకి దిగిపోయి ఉంది. 2022లోనే ఆ తాడుతో దాన్ని చూశారు. సమ్మెట మోగితే నేను చెప్పగలను. తాడు బిగుసుకుంటే చప్పుడేమీ ఉండదు, నా చెవికి చేరదు. నాకు అన్నిటికన్నా భయం దాని గురించే.

గాలిమరలు వద్దని నేననలేను. మెయిన్ అఖాతం వేడెక్కి మేత చెదిరినందుకే ఈ తిమింగలాలు కొత్త దారులు పట్టి, ఓడల మధ్యకూ తాళ్ల మధ్యకూ వెళ్లాయి. ఆ వేడి ఇంకా పెరగకూడదంటే బొగ్గు, చమురు మానాలి.

నా కబురు రూఢి కాగానే ఆ నీళ్లలో 15 రోజులపాటు 10 నాట్ల వేగం దాటవద్దని ఓడలను కోరతారు. కోరడమే, కట్టడి కాదు. ఆ పిలుపు విన్నచోటల్లా ఆ వేగాన్ని చట్టం చేయాలి.