బోయిగూడ ఐరన్‌మ్యాన్

ట్రయథ్లాన్ అనే ఆట ఒకటుందని బోయిగూడకి తెలిసింది 2012లో, అదీ ఒక సైకిల్ షాపులో. సికింద్రాబాద్ స్టేషన్‌లో పదో నంబరు ప్లాట్‌ఫారం వైపు బయటికొచ్చి, ఆటోవాళ్ళని తప్పించుకుని కాస్త లోపలికి నడిస్తే టింబర్ డిపోలు, తుక్కు గోదాములు వస్తాయి. వాటి మధ్య ఇరుక్కున్నట్టు ఉండేది ఉస్తాద్ షాపు. షాపంటే ఒక రేకుల పందిరి, పంక్చరు చూడ్డానికి నీళ్ళ తొట్టి, హవా పంపు, ఎవరూ తిరిగొచ్చి తీసుకెళ్ళని నాలుగు పాత అట్లాస్ సైకిళ్ళు. గోడ మీద మాత్రం పసుపుపచ్చ జెర్సీలో అమెరికా సైకిల్ రేసర్ లాన్స్ ఆర్మ్‌స్ట్రాంగ్. ఏదో ఆటల పత్రిక నడిపేజీ బొమ్మ. దానికి ఉస్తాద్ ఊదుబత్తి వెలిగించేవాడు కాదు గానీ, వారానికోసారి దుమ్ము తుడిచేవాడు. మిగతా షాపుకి ఆ భాగ్యం కూడా లేదు.

ఆ అభిమానానికి కారణముంది. ఉస్తాద్ అన్నగారికి కిడ్నీలు పోయి గాంధీ ఆసుపత్రిలో డయాలసిస్ నడుస్తుండేది. 1996లో క్యాన్సర్ వచ్చి, అది ఊపిరితిత్తులకీ మెదడుకీ కూడా పాకినవాడు లేచొచ్చి 1999 నుంచి 2005 దాకా వరసగా ఏడుసార్లు టూర్ ద ఫ్రాన్స్ సైకిల్ రేసు గెలిచాడంటే, ఆసుపత్రి వరండాలో పడిగాపులు పడే మనిషికి అది ఆటల కబురు కాదు. మంచం పక్కన చెప్పుకోదగ్గ కబురు. అన్నగారికి కూడా చెప్పేవాడట, "సూడు, గాయన లేసిండు" అని.

షాపు ముందు పొద్దున్నే చేరే మనుషులు ముగ్గురో నలుగురో. రిటైరైన డ్రిల్లు మాస్టారు, డిపోలో లెక్కలు రాసే ఆయన, నేను. ఇంకా మా వీధి చివరి సాఫ్ట్‌వేర్ కుర్రాడు. హైటెక్ సిటీలో ఉద్యోగం, ఫారిన్ గేర్ల సైకిలు. ఉస్తాద్ అతన్ని పేరుతో పిలిచేవాడు కాదు, "సాఫ్ట్‌వేర్ బేటా" అనేవాడు.

ఫిబ్రవరిలో ఆ కుర్రాడే మోసుకొచ్చాడు వార్త. ఏడాది కిందట సైకిల్ రేసుల నుంచి రిటైరైన ఆర్మ్‌స్ట్రాంగ్ ఇప్పుడు ప్రొఫెషనల్‌గా ట్రయథ్లాన్‌లో దిగాడు. పనామాలో హాఫ్ ఐరన్‌మ్యాన్. 1.9 కిలోమీటర్లు ఈత, 90 కిలోమీటర్లు సైకిలు, ఆపైన 21 కిలోమీటర్ల పరుగు, మధ్యలో కూర్చోడాల్లేవు. రెండో స్థానం. మొదటివాడు న్యూజిలాండ్‌కి చెందిన బెవన్ డాకర్టీ, రెండు ఒలింపిక్ పతకాలున్నవాడు. తేడా 42 సెకన్లు.

"నలభై ఏళ్ళొచ్చినంక!" అన్నాడు ఉస్తాద్, ఆ నలభై తనకే వచ్చినంత గర్వంగా.

డ్రిల్లు మాస్టారికి నచ్చలేదు. "కోట్లకి కోట్లు సంపాదించాడు. ఇప్పుడు పోయి పోయి చిన్న కుర్రాళ్ళ నోటికాడి ప్రైజ్ మనీ లాక్కోవడమేమిటయ్యా? వాళ్ళు నాలుగు డబ్బులు చూసేదే ఈ రేసుల్లో."

లెక్కలాయన ఇంకో మెలిక పెట్టాడు. మందులు వాడాడని అమెరికాలో రెండేళ్ళ పాటు ప్రభుత్వ విచారణ నడిచింది. దాన్ని ఫిబ్రవరి 3న ఏ అభియోగమూ పెట్టకుండా మూసేశారు. 12న పనామాలో రేసు. "ఫైలు మూసిన తొమ్మిదో రోజున ఈత కొట్టాడండీ. ఏదో తేడాగా లేదూ?" లెక్కలు రాసేవాళ్ళకి తారీఖులు కనిపించినట్టు మనకి కనిపించవు.

ఉస్తాద్ దగ్గర జవాబు సిద్ధంగా ఉంది. ఆర్మ్‌స్ట్రాంగ్‌కి ఇది కొత్త ఆట కాదు. పదహారేళ్ళకే ప్రొఫెషనల్ ట్రయథ్లెట్. 1989లో, 90లో అమెరికా స్ప్రింట్ ట్రయథ్లాన్ ఛాంపియన్. సైకిలు ఆ తర్వాత సంగతి. "పుట్టింటికి వోయిండు. పుట్టింటికి వోతే కూడా మీకు లెక్కలేనా?"

ఆ మాట కుర్రాడికి బాగా పట్టింది. అతని కళ్ళల్లో అప్పుడే నిప్పు పడింది. తానూ చేస్తానన్నాడు. ఈతకి కోచింగు, పొద్దున్నే నెక్లెస్ రోడ్డు మీద పరుగు, చేతికి పసుపుపచ్చ రబ్బరు పట్టీ. అది నైకీ వాళ్ళు 2004లో ఆర్మ్‌స్ట్రాంగ్ క్యాన్సర్ ఫౌండేషన్ కోసం ఒక డాలరుకి అమ్మిన పట్టీకి నకలు. మోండా మార్కెట్ ఫుట్‌పాత్ మీద దొరికే నకలు.

ఉస్తాద్ కూడా గురువు పాత్రలో ఒదిగిపోయాడు. మామూలు రోడ్డు రేసులో జట్టువాళ్ళ వెనక నక్కి తొక్కొచ్చు, గాలి దెబ్బ ముందువాడు తింటాడు. లారీ వెనక సైకిలు తొక్కిన ప్రతివాడికీ తెలిసిన సుఖమే అది. ఐరన్‌మ్యాన్‌లో అది కుదరదు. ముందు సైకిలుకి దూరం పాటించాలి, దగ్గరికెళ్తే శిక్ష. "ఈ ఆటల నీ గాలి నువ్వే తినాలె బిడ్డా" అని చెప్పేవాడు. ఎక్కడ చదివాడో, ఎవరు చెప్పారో. నాకు తెలిసి ఆ షాపులోకి ఇంగ్లీషు కాగితం వచ్చేది మిర్చీ బజ్జీలకి చుట్టుకునే.

ఇక ఆ వేసవంతా ఆర్మ్‌స్ట్రాంగ్ వైభవమే. మే నెలలో ఫ్లోరిడాలో మొదటి స్థానం. జూన్ 2న హవాయిలో మొదటి స్థానం. ఐరన్‌మ్యాన్ పోటీలు నడిపే కంపెనీ ఆయన ఫౌండేషన్‌తో ఒప్పందం కూడా చేసుకుంది. నెలాఖరులో ఫ్రాన్స్‌లోని నీస్‌లో పూర్తి ఐరన్‌మ్యాన్, అక్టోబరులో కోనాలో ప్రపంచ పోటీ. టూర్ గెలిచిన మనిషి కోనా కూడా గెలుస్తాడా అని ప్రపంచంతో పాటు బోయిగూడ కూడా ఎదురుచూసింది. డ్రిల్లు మాస్టారు కూడా మెత్తబడి, "సరే, చూద్దాం" అన్నాడు.

జూన్ రెండో వారంలో అమెరికా డోపింగ్ నిరోధక సంస్థ నోటీసు పంపింది. విచారణలో ఉన్నవాడు తమ రేసుల్లో దిగకూడదన్నది ఐరన్‌మ్యాన్ వాళ్ళ నిబంధన. నీస్‌కి తయారవుతున్న మనిషి అక్కడే ఆగిపోయాడు. ఆగస్టు 24న జీవితకాల నిషేధం. 1998 ఆగస్టు నుంచి సాధించినవన్నీ రద్దు. అక్టోబరులో బయటపెట్టిన నివేదిక, సాక్ష్యాలతో కలిపి వెయ్యి పేజీలు దాటింది. 26 మంది సాక్షులు, అందులో 11 మంది పాత జట్టువాళ్ళే. అంటే ఇన్నేళ్ళూ ఆయన కోసం గాలి దెబ్బ తిన్నవాళ్ళు. 1999 టూర్‌లోనే ఒక స్టెరాయిడ్ బయటపడితే, సీటు ఒరుసుకుని లేచిన పుండుకి రాసుకున్న మలామని వెనక తారీఖు వేసి డాక్టరు చీటీ పుట్టించారట. అక్టోబరు 22న అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య కూడా సంతకం పెట్టేసింది. ఏడు టైటిళ్ళూ పోయాయి.

ఆ మర్నాడు కుర్రాడు షాపుకొచ్చిన తీరు ఇప్పటికీ నా కళ్ళ ముందుంది. సైకిలు స్టాండు కూడా వేయలేదు, గోడకి ఆనించి నేరుగా బొమ్మ దగ్గరికి వెళ్ళాడు.

"ఇంకా ఎందుకు ఉస్తాద్ ఈ దొంగ బొమ్మ?"

ఉస్తాద్ అప్పుడు ఒక రిమ్ముకి బెండు తీస్తున్నాడు. తలెత్తలేదు. "ఏం సూదులట బేటా అవి?"

"ఈపీఓ. రక్తంలో ఎర్రకణాలు పెంచుతుంది. అది కాక సొంత రక్తం ముందే తీసి దాచుకుని, రేసప్పుడు మళ్ళీ ఎక్కించుకునేవాడు."

"ఈపీఓనా? మా అన్నకి ఇచ్చేదీ గదే. డయాలసిస్ అయినంక పొడుస్తరు. లేకపోతే రక్తం తక్కువై మెట్లు గూడ ఎక్కలేడు." చక్రం ఒకసారి తిప్పి చూశాడు. "మా అన్న మెట్లెక్కెతందుకు, గాయన కొండలెక్కెతందుకు."

"నవ్వులాట కాదు ఉస్తాద్. ఇంత మందిని మోసం చేశాడు. కష్టపడకుండా పేరు తెచ్చుకున్నవాడి మొహం చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది" అంటూ బొమ్మని ఒక్క లాగు లాగాడు. నాలుగు మూలలూ గోడకే ఉండిపోయాయి, మనిషి మాత్రం ఊడొచ్చాడు. చేతి పట్టీ కూడా తీసి నీళ్ళ తొట్టిలో పారేశాడు. డ్రిల్లు మాస్టారు భుజం తట్టాడు. నిజం చెప్పాలంటే ఆ కోపం నాకూ ముచ్చటేసింది. ఆటని అంత ప్రేమించేవాళ్ళు మన వీధిలో ఎంతమంది ఉంటారు?

ఉస్తాద్ ఒక్క మాట అనలేదు. గోడ మీద తెల్లగా మిగిలిన ఆ నలుచదరాన్ని అలాగే వదిలేశాడు.

జనవరిలో ఆర్మ్‌స్ట్రాంగ్ టీవీ వ్యాఖ్యాత ఓప్రా ముందు కూర్చుని అన్నీ ఒప్పుకున్నాడు. ఏడు టూర్లలోనూ వాడానన్నాడు. అప్పటికి షాపు దగ్గర ఎవరికీ ఆసక్తి లేదు, ఎందుకంటే మాకు సొంత వీరుడు తయారవుతున్నాడు. కుర్రాడు వేరే రాష్ట్రంలో జరిగే హాఫ్ ఐరన్ పోటీకి పేరిచ్చాడు. వారం ముందు సైకిలు తెచ్చి కొత్త టైర్లు వేయించుకున్నాడు. ఫారిన్‌వి దొరక్క ఉస్తాద్ లూధియానా రకం వేశాడు. కొత్త టైరు మీద సన్నటి రబ్బరు ముళ్ళుంటాయి చూశారా, అచ్చు పోసేటప్పుడు గాలి పోయే కంతల్లోంచి పొడుచుకొచ్చినవి, అవి చూసి కుర్రాడు ముఖం చిట్లించాడు.

"ఇవి కత్తిరించెయ్యి ఉస్తాద్, నీటుగా ఉండవు."

"ఎందుకు బేటా, నాలుగు కిలోమీటర్లు వోతే రోడ్డే కోస్తది."

చెయిన్‌కి ఆయిలు వేసి, హవా కొట్టి, డబ్బులడక్కుండా పంపాడు. "గెలిచినంక ఇద్దువు."

తర్వాతి ఆదివారం సాయంత్రానికల్లా ఫోన్లో ఫోటో వచ్చింది. మెడలో మెడల్, వెనక ఫినిష్ అన్న తోరణం. బుధవారానికి సందు మొదట్లో ఫ్లెక్సీ లేచింది. 'బోయిగూడ ఐరన్‌మ్యాన్‌కు శుభాకాంక్షలు' అని, కింద శుభం కోరేవాళ్ళ తలకాయలు ఇరవై దాకా. కాలనీ సంఘం వాళ్ళు శాలువా కప్పారు. కుర్రాడు మైకులో పిల్లలకి నాలుగు మంచి మాటలు చెప్పాడు. అడ్డదారులొద్దన్నాడు, ఆర్మ్‌స్ట్రాంగ్ గతి చూడండన్నాడు. బాగానే మాట్లాడాడు. డ్రిల్లు మాస్టారు కళ్ళు తుడుచుకున్నాడు.

మర్నాడు పొద్దున్న సైకిలు సర్వీసింగుకి వచ్చింది. ఇంకో చేత్తో ఒక పెద్ద ఫోటో, లామినేషన్ చేయించింది. మెడల్‌తో దిగినదే.

"ఉస్తాద్, ఆ గోడ ఖాళీగా ఉంది కదా. అక్కడ ఇది పెట్టు. పిల్లలు వస్తుంటారు, చూస్తారు."

ఉస్తాద్ ఫోటో అందుకుని పానాల డబ్బా మీద పెట్టాడు. సైకిల్ని తలకిందులుగా నిలబెట్టాడు. ముందు చక్రం తిప్పాడు. బొటనవేలు టైరు మీద ఆనించి మెల్లగా ఆపాడు. మళ్ళీ తిప్పాడు, మళ్ళీ ఆపాడు. తర్వాత వెనక చక్రం.

"ఎంత దూరం తొక్కినవ్ బిడ్డా?"

"తొంభై. మామూలు ఎండ కాదు ఉస్తాద్. వచ్చేటప్పుడు ఎదురుగాలి."

"ఎదురుగాలి" అన్నాడు ఉస్తాద్. నన్ను దగ్గరికి రమ్మని నా వేలు పట్టుకుని టైరు నడిమధ్య ఆనించాడు. సన్నగా, వరసగా గుచ్చుకున్నాయి. ఒక్క ముల్లూ అరగలేదు.

కుర్రాడు మా వేళ్ళ వంక చూశాడు. తర్వాత సందు మొదట్లో ఫ్లెక్సీ వైపు చూశాడు. గొంతు తగ్గించాడు.

"రిలే ఉస్తాద్. మా ఆఫీసు వాళ్ళం ముగ్గురం కలిసి చేశాం. ఈత నాది. సైకిలు మా టీమ్‌లో ఇంకొకతను తొక్కాడు, వాడి బండి మీద. పరుగు ఇంకొకతను. మెడల్ మాత్రం ముగ్గురికీ ఇస్తారు. అది రూల్లో ఉన్నదే. నేను అబద్ధమేం చెప్పలేదు, అడిగినవాళ్ళు లేరు."

డ్రిల్లు మాస్టారు చేతిలో టీ గ్లాసు పట్టుకుని అలాగే నిలబడ్డాడు. ఉస్తాద్ సైకిల్ని మళ్ళీ నిలబెట్టి, సీటు మీద దుమ్ము లేకపోయినా ఒకసారి తుడిచి, ఫోటోతో సహా కుర్రాడి చేతికిచ్చాడు.

"గాయన సూదులు పొడిపిచ్చుకుండు, అబద్ధాలాడిండు, దొంగనే. గని తొక్కిండు బిడ్డా. నువ్వు సూదీ పొడిపిచ్చుకోలే, సైకిలూ తొక్కలే. తీస్కపో, పైసలేం వద్దు. తిరగని బండికి సర్వీసింగ్ ఏం జెయ్యాలె?"