ఫిల్టర్ దుర్గభేదనం

మధ్యాహ్న మార్తాండుడి మయూఖాలు రేకుల కప్పును పెనంలా కాలుస్తున్న వేళ, బెజవాడ ఆటోనగర సమరాంగణంలో, గ్రీజు గంధం అలుముకున్న ఇనుపబల్ల మీద ఇద్దరు మహావీరులు ఎదురెదురుగా నిలిచారు. ఒకడు నీలకవచుడు, మరొకడు శ్వేతకవచుడు. ఒకే కారు ఇంజనుకు ఒకరి తర్వాత ఒకరు కొలువు చేసి దిగివచ్చిన ఆయిల్ ఫిల్టర్లు వారు. మరచుట్లు ఒకటే, ఎత్తు ఒకటే, వాషరు కొలత ఒకటే. ధరలో మాత్రం తెల్లవాడు నీలివాడికి రెట్టింపు! ఎందుకు రెట్టింపన్న ధర్మసందేహమే ఈ మహాసంగ్రామానికి మూలం.

వీరుల వంశమా, సామాన్యం కాదు. 1923లో అమెరికాలో ఎర్నెస్ట్ స్వీట్‌లాండ్ అనే మహానుభావుడు ప్యూరొలేటర్‌ను సృష్టించిననాడు మొదలైన తైలశోధక కులం అది.

అదిగో, మేస్త్రి లేచాడు! నూనెగుడ్డను ఉత్తరీయంలా భుజాన వేశాడు. హ్యాక్సా అందించబోయిన కుర్రాణ్ణి కనుసన్నతోనే వారించాడు. రంపపు పొట్టు లోపల పడితే, దొరికిన రజను ఇంజనుదో రంపానిదో బ్రహ్మకైనా తేలదు. కనుక సుదర్శనాన్ని తలపించే చిరుచక్రం గల కట్టరును అందుకున్నాడు. కిర్రు... కిర్రు... కిర్రుమని దిక్కులు మార్మోగగా నీలదుర్గ ప్రాకారం తెగింది, ఆ వెంటనే శ్వేతదుర్గమూ కూలింది. కాటుక కాలువలై నల్లనూనె జాలువారింది.

ఆహా, లోపలి వైభవం! అంచున వలయాకారంగా అమరిన చిన్నద్వారాల గుండా చొరబడిన తైలసేన, కాగితపు కోటను బయటినుంచి ముట్టడించి, మలినాలను అక్కడే బందీలుగా విడిచి, నడిమి రాజమార్గం వెంట ఇంజను అంతఃపురానికి ఊరేగుతుంది. మనిషి వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లైతే, ఇక్కడ పట్టుబడవలసిన శత్రువులు అందులో సగానికన్నా సన్నం. శ్వేతుడి కాగితం పెళ్లికూతురి పట్టుచీర కుచ్చిళ్లలా సమంగా, దట్టంగా తీరింది. నీలుడి మడతలో, ఒకపక్క తిరునాళ్లు, మరోపక్క శ్మశానం!

నీలుడి కోటకు పైనా కిందా అట్ట మూతలు, శ్వేతుడికి ఉక్కు మూతలు. అట్ట అనగానే పెదవి విరవకండి. జిగురు గట్టిగా పట్టితే అట్టయినా వజ్రకవాటమే. జిగురు వదిలితే ఉక్కుమూత పక్కనుంచి కూడా మురికినూనె దొంగదారిన దాటిపోతుంది. మేస్త్రి గోటితో గీరి చూశాడు. ఈ రంగంలో ఇద్దరూ సమానులే.

అసలు పోరు ద్వారపాలకుల మధ్య. ఇంజను ఆగాక నూనె వెనక్కి జారిపోకుండా అడ్డుకునే రబ్బరు కవాటం నీలుడిది నల్లని నైట్రైల్. వేడికి బిగుసుకుని, వంచితే వంగనని మొండికేసింది. శ్వేతుడిది నారింజవన్నె సిలికోన్. అన్ని మైళ్ల తాపం అనుభవించీ లేచిగురులా వంగి, మళ్లీ లేచి నిలిచింది. ఫిల్టరు అడ్డంగానో తలకిందులుగానో బిగించే కార్లలో ఈ కావలివాడు నిద్రపోతే, తెల్లారి తాళం తిప్పగానే నూనె అందని లోహాలు టకటకమని ఆర్తనాదం చేస్తాయి.

ఇక బైపాస్ వాల్వుది ఆపద్ధర్మం. కాగితం పూడుకుపోయినా, చలికి నూనె చిక్కబడినా (బెజవాడలో ఆ చలి ఎక్కడిది లెండి), వడపోత మాని దారి విడుస్తుంది. మురికినూనెతో ఇంజను కొన్నాళ్లు నెట్టుకొస్తుంది, నూనే అందకపోతే నిమిషాల్లో నేలకొరుగుతుంది. ఇద్దరి స్ప్రింగులూ వేలితో నొక్కగానే వీరోచితంగా ఎదురొత్తాయి.

జయభేరి మోగింది! మడతలవల్లా ద్వారపాలకుడివల్లా శ్వేతుడే విజేత. ఉక్కుమూతల ఆర్భాటానికి ఒక్క మార్కూ లేదు. రేపు మీరు కొత్త వీరుణ్ణి కొలువులో నిలిపేటప్పుడు వాషరుకు కాస్త నూనె రాసి, చేత్తోనే బిగించండి, పానా వద్దు. పాత వాషరు ఇంజనుకే అతుక్కుని ఉందేమో ముందుగా చూసుకోండి. దానిమీద కొత్తది ఎక్కిందా, నూనెంతా రోడ్డుపాలే.