వరస నంబర్లు

గుంటూరు మిర్చి యార్డు కమీషన్ వ్యాపారుల లెక్కలు చూసే ఒక ఆడిటరు గారి దగ్గర ఇరవై ఏళ్ళ పైబడి గుమస్తాని. హమాలీ కూలి, గోతాల కొనుగోలు, లారీ కిరాయి అంటూ షావుకార్లు తెచ్చిపోసే కాగితాల్లో ఏది ఆ రోజు పుట్టిందో, ఏది మార్చి నెలాఖరున ఒకే పూట కూర్చుని రాయించిందో చేత్తో పట్టుకుంటే చెప్పేస్తాను. సిరా రంగు, మడత, బిల్లు నంబరు. ఇంతే కిటుకు. ఈ ముక్క ముందే ఎందుకు చెబుతున్నానంటే, తర్వాత అది నా మెడకే చుట్టుకుంది.

2023 జనవరి 22, ఆదివారం. అమ్మకి విజయవాడ కనకదుర్గమ్మ దర్శనం చేయించి తిరిగి వస్తున్నాం. కాజ టోల్ ప్లాజా దగ్గర వరసలో ఆగాను. నా ముందు అరటిగెలల లారీ. వెనక సీట్లో అమ్మ, ఆవిడ ఒళ్ళో ప్రసాదం సంచి. ఉన్నట్టుండి వెనక నుంచి ధడేల్మని ఒక దెబ్బ. చెప్పుకోదగ్గ దెబ్బేం కాదు, బంపరు సొట్టపోయింది, అంతే. రెండు లడ్డూలు దొర్లి నా సీటు కిందికి వచ్చాయి. పులిహోర పొట్లం చిట్లింది. నా తల ఒకసారి వెనక్కీ ఒకసారి ముందుకీ ఊగింది, గంగిరెద్దు తలలాగా.

హెడ్‌రెస్ట్ ఏం చేస్తోందంటారా? అది సీటుకి అతుక్కుపోయి నా మెడ మొదట్లో ఉంది. ఎత్తితే దారి కనపడట్లేదనీ, దారి కనపడకపోతే కళ్ళు తిరుగుతాయనీ అమ్మ అంటే, కారు కొన్న వారంలోనే కిందికి నొక్కేశాను. దాని పై అంచు తల పైభాగం దాకా రావాలనీ, తలకి వీలైనంత దగ్గరగా ఉండాలనీ, దాని పని కునుకు తీయించడం కాదనీ నాకు తర్వాత డాక్టరు చెప్పాడు. అన్నేళ్ళూ దాన్ని నేను దిండనే అనుకున్నాను.

గుద్దింది ఇరవై, ఇరవై రెండేళ్ళ కుర్రాడు. "అంకుల్, సారీ అంకుల్, మా నాన్నకి తెలిస్తే చంపేస్తాడంకుల్" అని చేతులు జోడించాడు. వెనకాల లారీల హారన్లు. అమ్మ "పోనీలేరా, అమ్మవారి దర్శనం చేసుకొస్తున్నాం" అంది. నేను కూడా పెద్దమనిషినైపోయి బంపరుకని మూడు వేలు ఫోన్‌పే చేయించుకుని "జాగ్రత్తగా నడుపు బాబూ" అని నీతి చెప్పి పంపేశాను. బండి నంబరు రాసుకోలేదు. ఇన్సూరెన్స్ ఉందా అని అడగలేదు. ఆ సాయంత్రం నాకు ఏ నొప్పీ లేదు. భోజనాల దగ్గర నా క్షమాగుణం గురించి నేనే రెండుసార్లు చెప్పుకున్నాను.

మర్నాడు పొద్దున స్కూటరు వెనక్కి తీయబోతూ తల తిప్పితే తిరగలేదు. మెడలో ఎవరో మేకు దిగ్గొట్టినట్టుంది. ఈ నొప్పి కొందరికి అప్పటికప్పుడే మొదలవుతుంది, కొందరికి ఒక రాత్రి గడిచాక వస్తుందట. ఆసుపత్రికి పోవాలి కదా? నేను మా వీధి సెలూన్‌కి పోయాను. క్షవరం అయ్యాక గడ్డం ఒక చేత్తో, నడినెత్తి ఇంకో చేత్తో పట్టుకుని అటొక టక్, ఇటొక టక్ మనిపించడంలో అతనికి మంచి పేరుంది. "పట్టేసింది సార్, ఒక్క దెబ్బకి పోద్ది" అన్నాడు. టక్ మంది. నొప్పి పోలేదు సరికదా, మెడలోంచి భుజంలోకి కూడా దిగింది.

నాలుగో రోజు వెళ్ళిన డాక్టరు అన్నిటికంటే ఆ సెలూన్ ముక్కకే మండిపడ్డాడు. మెడ గుండా మెదడుకి పోయే రక్తనాళాలు ఉంటాయి, అలా విరిస్తే అవి చిరిగి పక్షవాతం వచ్చినవాళ్ళున్నారు, నీకు భూమ్మీద నూకలున్నాయి అన్నాడు. ఎక్స్‌రేలో ఎముకలు బాగానే ఉన్నాయి. రిపోర్టులో మాత్రం మెడ వంపు తగ్గిందని రాశారు. అది చదివి నా వెన్నెముక కర్రలా అయిపోయిందని మా ఆవిడ దగ్గర కన్నీళ్ళు పెట్టుకున్నాను. కండరాలు బిగుసుకుంటే అలా కనిపిస్తుందనీ, ఏ బాధా లేనివాళ్ళలో కూడా ఉంటుందనీ డాక్టరు ఓపిగ్గా చెప్పాడు. వెనక నుంచి గుద్దితే సీటు ఒంటిని ముందుకి నెడుతుంది, తల ఉన్నచోటే ఉండిపోతుంది, మధ్యలో మెడ రెప్పపాటులో వంకర తిరిగి కండరాలూ లిగమెంట్లూ సాగుతాయి. దీన్ని విప్‌లాష్ అంటారట, అంటే కొరడా విసురు. హెరాల్డ్ క్రో అనే అమెరికా డాక్టరు 1928లో వాడిన మాట. ఆయన చెప్పింది మెడ కదిలిన తీరు గురించి, జనం దాన్ని జబ్బు పేరు చేసేశారు.

నొప్పి మాత్రలు, ఒక మెత్తటి కాలరు ఇచ్చారు. కాలరు రెండు మూడు రోజులు చాలు, తర్వాత తీసేసి మెడ మెల్లగా కదుపుతుండండి అన్నాడు డాక్టరు. నేను ఏడు వారాలు వేసుకున్నాను.

ఎందుకంటే, ఆఫీసులో ఎన్నడూ లేనిది ఆడిటరు గారే టీ తెప్పించారు. బస్సులో లేచి సీటిచ్చేవాళ్ళు. షావుకార్లు "గుమస్తాగారూ, ఎలా ఉంది?" అని ఫోన్లు చేశారు. ఇరవై రెండేళ్ళలో నన్ను ఎవరైనా ఎలా ఉన్నావని అడిగింది ఆ కాలరు పుణ్యమే. దీనికి తోడు ఇంగ్లండులో ఉన్న మా బావమరిది ఫోన్లో ఒక ముక్క చెప్పాడు. అక్కడ ఇలాంటి మెడనొప్పుల క్లెయిములు మరీ ఎక్కువయ్యాయని 2021 మే 31 నుంచి రేట్లు కట్టేశారట. అప్పట్లో మూడు నెలల్లోపు తగ్గే నొప్పికి 240 పౌండ్లు, ఏడాదిన్నర దాటి రెండేళ్ళ దాకా ఉంటే 4,215 పౌండ్లు. క్లెయిములకి ముకుతాడు వెయ్యడానికి పెట్టిన రేట్లని అతను చెబుతుంటే, నేను కాగితం మీద పౌండుని వందతో హెచ్చవేసుకుంటున్నాను. మనకి అలాంటి పట్టీ లేదని తెలిసినా, నొప్పి ఎన్నాళ్ళుంటే అంత ధర అనే లెక్క మాత్రం బుర్రలో దిగబడిపోయింది.

ఏడు వారాల తర్వాత నా మెడ గుమ్మడికాయని మోస్తున్న తాడులా తయారైంది. ఫిజియోథెరపీ అమ్మాయి కాలరు విప్పించి పక్కన పెట్టి, "ఇది మీ కండరాల పని తను చేసేసిందండీ, అవి సోమరిపోయాయి" అంది. గడ్డం లోపలికి లాగి అయిదు లెక్కపెట్టడం, తల మెల్లగా అటు పది ఇటు పది తిప్పడం, వెనక రెక్కల ఎముకలు రెండూ దగ్గరికి నొక్కడం. చూస్తే పిల్లల ఆటలా ఉంటుంది, మొదటి వారం కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మూడో వారానికి స్కూటరు వెనక్కి తీయగలిగాను. సిట్టింగుకి మూడు వందలు. రసీదు అడగలేదు. ఓచరు లేకపోతే ఒక్క రూపాయి ఖర్చు రాయనివ్వని మనిషిని నేను.

పోలీసు స్టేషన్‌కి వెళ్ళింది దెబ్బ తగిలిన పంతొమ్మిదో రోజున. "ఇన్నాళ్ళూ ఏం చేశారు మాస్టారూ?" అన్నాడు హెడ్ కానిస్టేబులు. ఏం చెప్పను? చివరికి నన్ను ఆదుకుంది ఆ మూడు వేల ఫోన్‌పేనే. తేదీ, టైము, కుర్రాడి ఫోన్ నంబరు, 'ఫర్ బంపర్' అన్న నోటు. నా ఫాస్టాగ్ స్టేట్‌మెంట్‌లో టోల్ గేటు దాటిన టైము దానికి సరిపోయింది. దాంతో కుర్రాడి బండీ, ఇన్సూరెన్సూ దొరికాయి. వూండ్ సర్టిఫికెట్‌లో 'సింపుల్' అని రాశారు. నాకది అవమానంగా తోచింది. అప్పటి ఐపీసీ ప్రకారం నాలాంటి దెబ్బకైతే ఎముకైనా విరగాలి, లేకపోతే ఇరవై రోజులు తీవ్రమైన నొప్పో, రోజువారీ పనులు చేసుకోలేకపోవడమో ఉండాలి, అప్పుడే అది 'గ్రీవస్'. నేనేమో ఆరో రోజే కాలరుతో ఆఫీసుకి ఊరేగాను.

లాయరు దగ్గరికి చేరేసరికి జులై. ఆరు నెలల్లోపు పిటిషన్ వెయ్యాలని మోటారు వాహనాల చట్టంలో చేర్చిన నిబంధన 2022 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. నాకు మిగిలింది పదకొండు రోజులు. నాలుగు లక్షలు అడుగుదామన్నాను. ఆయన కళ్ళజోడు పైనుంచి చూశారు. చిన్న గాయాలకి వైద్యం ఖర్చు, పోయిన జీతం, పడ్డ బాధ, ఇంతవరకే. భవిష్యత్తు సంపాదన లాంటివి కావాలంటే గట్టి వైద్య సాక్ష్యం ఉండాలి, 2010లో రాజ్‌కుమార్, అజయ్‌కుమార్‌ల కేసులో సుప్రీంకోర్టు చెప్పింది అదే అన్నారు. "ముందు మీ బిల్లులేవి?" అన్నారు.

ఉన్నవి 21,340 రూపాయలవి. ఫిజియోకి పోసిన ఏడు వేల చిల్లరకీ, పారేసిన మందుల చీటీలకీ ఆధారం లేదు. ఫిజియో అమ్మాయి దగ్గరికి వెళ్ళి ఒక ఉత్తరం రాయించుకుంటే సరిపోయేది. నేను తెలిసిన మందుల షాపాయన దగ్గరికి పోయాను. ఆయన బిల్లు పుస్తకం తీసి తేదీలు నన్నే చెప్పమని నాలుగు కాగితాలు రాసిచ్చాడు. మొత్తం 9,860. నిజంగా ఖర్చయిన డబ్బే కదా అని నాకు నేను సర్ది చెప్పుకున్నాను.

మరుసటి ఏడు ట్రిబ్యునల్లో నన్ను క్రాస్ చేసింది ఇన్సూరెన్స్ కంపెనీ తరఫు లాయరు. సన్నగా, పీలగా ఉన్నాడు, గొంతు కూడా పెంచలేదు. పిడబ్ల్యూ 1, అంటే నేను, కాలరుతో బోనులో నిలబడ్డాను. అవును, అది అల్మారాలోంచి తీసి ఆ పూటకి పెట్టుకున్నదే.

"మీరేం చేస్తుంటారండీ?"

"ఆడిటరు గారి దగ్గర గుమస్తాని."

"ఎన్నేళ్ళుగా?"

"ఇరవై రెండు... ఇప్పుడు ఇరవై మూడు."

"బిల్లులు చూడటం మీ పనేనా?"

"అవునండీ." ఇది కొంచెం గర్వంగానే చెప్పాను.

నాలుగు కాగితాలు నా చేతికిచ్చాడు. "నంబర్లు చదవండి."

"పద్నాలుగు వందల పదిహేడు." గొంతు తడారిపోయింది. "పద్నాలుగు వందల పద్దెనిమిది. పంతొమ్మిది. ఇరవై."

"తేదీలు?"

ఫిబ్రవరి 6, ఫిబ్రవరి 27, మార్చి 19, ఏప్రిల్ 11.

"రెండు నెలల్లో ఆ షాపుకి మీరు తప్ప ఇంకో గిరాకీ రాలేదాండీ?"

స్టెనో టైపు చెయ్యడం ఆగింది. మా లాయరు ఫైల్లో లేనిదేదో వెతుక్కుంటున్నారు. నాలుగు కాగితాలూ ఒకే సిరా, ఒకే మడత. నా చేతిలో ఉన్నాయి, నేను చూడలేదు. చెమటకి కాలరు లోపల మెడ దురద పెట్టడం మొదలైంది. గోక్కుందామంటే చెయ్యి లేవలేదు.

జడ్జి గారు కేకలెయ్యలేదు. మిగతా బిల్లుల్ని కూడా ఆసుపత్రితో సరిచూసుకునే గడువు కంపెనీకి ఇచ్చారు. అవన్నీ అసలువే. అసలువని తేలడానికి ఎనిమిది నెలలు పట్టింది. ఆ ఎనిమిది నెలల్లో మా ఆఫీసులో వ్యాపారుల ఓచర్లు తిప్పుతూ, నంబర్లు వరసగా కనిపించిన చోట పెన్ను ఆగిపోయేది. ఎప్పుడూ వేసే ఎర్ర సున్నా వెయ్యబుద్ధి కాలేదు. వేశాననుకోండి, జీతం దానికే కదా.

చివరికి లోక్ అదాలత్‌లో రాజీ పడ్డాం. ఆ నాలుగు బిల్లులూ వెనక్కి తీసుకుని యాభై అయిదు వేలకి సంతకం పెట్టాను. కాలరు లేకుండా వెళ్ళాను. బయట టీ బంకు దగ్గర ఆ పీల లాయరు తగిలాడు. మొహం తిప్పుకుందామనుకునేలోపే పక్కకొచ్చి నిలబడ్డాడు. రెండు టీలు చెప్పాడు. ఓ చెయ్యి మెడ వెనక పెట్టుకుని నొక్కుకుంటున్నాడు.

"మీకు ఫిజియో చేసిందెవరండీ? బండి మీద తిరిగి తిరిగి నాదీ పట్టేసింది. మొన్న సెలూన్లో టక్ మనిపించుకున్నా, ఇంకా ఎక్కువైంది."

నంబరు చెబితే ఫోన్లో ఎక్కించుకున్నాడు. ఫోను జేబులో పెట్టుకుంటూ, "ఆ కాలరు... కొనుక్కోమంటారా?" అన్నాడు.

"వద్దండీ," అన్నాను. "రసీదు మాత్రం తీసుకోండి."